ఏఐ ఏజెంట్‌తో లింకుల వివరాలు తెప్పించడం: కర్లా, సొంత స్క్రిప్టా, ఎంసీపీయా?

ఆదివారం పొద్దున్నే మా మిత్రబృందానికి ఒక జాబితా పంపుతుంటాను. ఆ వారం నెట్‌లో కనబడ్డ మంచి తెలుగు వ్యాసాలు, కథలు, ఒకటి రెండు ఇంటర్వ్యూలు, అన్నీ కలిపి ముప్పై నలభై లింకులు. ఒక్కోదానికి శీర్షిక, రాసినవారి పేరు, తేదీ, రెండు వాక్యాల పరిచయం. చాలాకాలం చేత్తోనే చేశాను. తర్వాత టెర్మినల్‌లో, అంటే ఆదేశాలు టైప్ చేసే కిటికీలో, తనే ఆదేశాలు నడుపుతూ పనిచేసే ఏఐ ఏజెంట్‌కు అప్పజెప్పాను. మొదటి వారమే ఆరు వ్యాసాలకు ఒకటే శీర్షిక వచ్చింది, 'జస్ట్ ఎ మూమెంట్' అని. ఆ సైట్లు వ్యాసం బదులు, వచ్చింది మనిషో ప్రోగ్రామో తేల్చుకునే పేజీ చూపించాయి. ఏజెంట్ బుద్ధిగా దాని శీర్షికే రాసుకొచ్చింది.

ఆ ఆరూ నయం, చూడగానే దొరికిపోయాయి. ఏడో లింకు అసలు తెరుచుకోనే లేదు. ఏజెంట్ మాత్రం చిరునామాలో ఇంగ్లిష్ అక్షరాల్లో ఉన్న తెలుగు మాటల్ని కూడబలుక్కుని తనే ఒక చక్కటి శీర్షిక అల్లి పెట్టింది. నేను గమనించలేదు. రాసినాయనే ఫోన్ చేసి, "నేను పెట్టిన పేరు కంటే మీరు పెట్టిందే బాగుందండీ" అన్నారు.

ఏజెంట్‌ను మెటాడేటా సర్వీసుకు, అంటే లింకు ఇస్తే శీర్షిక, రచయిత లాంటి వివరాలు తెచ్చిచ్చే సర్వీసుకు, కలపడానికి ఇప్పుడు నాలుగైదు దారులున్నాయి. ఆ ఫోన్ వచ్చాక ఏ దారిని చూసినా ముందు ఒకటే అడుగుతున్నాను: వివరాలు దొరకనప్పుడు ఆ సంగతి ఏజెంట్‌కు ఎలా తెలుస్తుంది, నాకెలా తెలుస్తుంది? వేగం, ధర, సౌకర్యం అన్నీ ఆ తర్వాతే.

పేజీలో అసలు ఏముంటుంది

వాట్సాప్‌లో లింకు పెట్టగానే బొమ్మ, శీర్షిక, చిన్న పరిచయం కనిపిస్తాయి కదా, ఆ సరుకే మనకు కావాల్సిన మెటాడేటా. అందులో ఎక్కువ భాగం ఓపెన్ గ్రాఫ్ ట్యాగులు, అంటే పేజీ కోడ్‌లో పెట్టే గుర్తులు, 2010లో ఫేస్‌బుక్ తెచ్చినవి. రచయిత పేరు, ప్రచురించిన తేదీ లాంటివి స్కీమా డాట్ ఆర్గ్ పద్ధతిలో, జేసన్ ఎల్‌డీ అనే ముక్కలో ఉంటాయి. స్కీమా డాట్ ఆర్గ్‌ను 2011లో గూగుల్, మైక్రోసాఫ్ట్, యాహూ కలిసి మొదలుపెట్టాయి. ఈ రెండూ లేని పాత సైట్లలో మిగిలేది మామూలు టైటిల్ ట్యాగ్ ఒక్కటే.

ఇక్కడ మనకు కలిసొచ్చే విషయం ఒకటుంది. లింకు ప్రివ్యూ తయారుచేసే బాట్లు చాలావరకు పేజీలోని జావాస్క్రిప్ట్‌ను నడపవు. తమ లింకు వాట్సాప్‌లో అందంగా కనబడాలనుకునే సైటు ఈ ట్యాగులను నేరుగా హెచ్‌టీఎంఎల్‌లోనే పెట్టక తప్పదు. అందుకే పేజీ ఎంత హంగామాగా ఉన్నా, పైనున్న హెడ్ భాగంలో మనకు కావాల్సినవి తరచుగా దొరుకుతాయి. డబ్బు కట్టి సర్వీసు తీసుకునే ముందు మీ లింకుల్లో ఎన్నింటికి అది నిజంగా అవసరమో చూసుకోవాలి. నా జాబితాలో ఎక్కువ భాగానికి అక్కర్లేకపోయింది.

నేరుగా కర్ల్

టెర్మినల్ నుంచి ఒక చిరునామాకు వెళ్లి అక్కడున్నది తెచ్చిపెట్టే చిన్న ప్రోగ్రాం కర్ల్, 1998 నుంచి ఉంది. మీ కంప్యూటర్‌లో కూడా ఇప్పటికే ఉండి ఉంటుంది. టెర్మినల్ ఏజెంట్లన్నిటికీ దాన్ని వాడటం వచ్చు. "ఈ లింకు వివరాలు చెప్పు" అంటే చాలు, కర్ల్ కొట్టి పేజీ మొత్తం తెచ్చుకుని చదివేస్తుంది. ఐదు లింకులైతే ఇంతకు మించి ఆలోచించకండి.

నలభై అయితే మాత్రం చికాకులు మొదలవుతాయి. పేజీ మొత్తం ఏజెంట్ మెడకు పడుతుంది: మెనూలు, ప్రకటనల కోడ్, కింద 'ఇవి కూడా చదవండి' జాబితా. పైగా తెలుగు వచనానికి చాలా మోడళ్లలో ఇంగ్లిష్ కంటే ఎక్కువ టోకెన్లు, అంటే మోడల్ వచనాన్ని విడగొట్టి లెక్కించే ముక్కలు, పడతాయి. పదిహేనో లింకు దగ్గరికి వచ్చేసరికి మొదట మీరు చెప్పిన నియమాలు దానికి లీలగా మిగులుతాయి.

దీనికంటే పెద్ద చిక్కు కర్ల్ స్వభావంలోనే ఉంది. సర్వర్ 404 (పేజీ లేదు) అన్నా, 403 (అనుమతి లేదు) అన్నా, కర్ల్ తన పని తాను చేశాననే అనుకుంటుంది. ఎర్రర్ పేజీని తెచ్చి చేతిలో పెట్టి, పని ముగిశాక ఫలితం చెప్పే నంబరు, అంటే ఎగ్జిట్ కోడ్, సున్నా ఇస్తుంది. అంటే అంతా బాగానే జరిగిందని. 'మైనస్ మైనస్ ఫెయిల్' అని చేరిస్తేనే అలాంటప్పుడు 22తో బయటికి వస్తుంది. టైమ్ అవుట్ పెట్టుకుంటే, అది దాటినప్పుడు 28 ఇస్తుంది. రీడైరెక్ట్‌ల వెంట, అంటే సర్వర్ వేరే చిరునామాకు పొమ్మంటే అక్కడికి, వెళ్లడానికి పెద్ద 'ఎల్' కావాలి. ఈ మూడూ పెట్టమని ఏజెంట్‌కు చెప్పారనుకోండి, నాలుగుసార్లు పెడుతుంది, ఐదోసారి మరిచిపోతుంది.

సర్వీసు ఏపీఐని కర్ల్‌తో పిలవడం

ఏపీఐ అంటే ఒక సర్వీసును ప్రోగ్రాంలు అడిగి జవాబు తీసుకునే ద్వారం. మైక్రోలింక్, ఐఫ్రేమ్లీ, ఓపెన్‌గ్రాఫ్ డాట్ ఐఓ లాంటి సర్వీసులకు చిరునామా ఇస్తే, పేజీని అవే తెరిచి, ఓపెన్ గ్రాఫ్, స్కీమా, టైటిల్ అన్నీ వెతికి, శుభ్రమైన జేసన్, అంటే పేర్లూ వాటి విలువలూ వరుసగా ఉన్న వచనం, చేతిలో పెడతాయి. అవసరమైతే జావాస్క్రిప్ట్ కూడా నడిపి చూసేవి వీటిలో ఉన్నాయి. ఏజెంట్ చదవాల్సింది పేజీ మొత్తం బదులు పది పదిహేను వరుసలు. టోకెన్ల ఖర్చు అక్కడే తేడా కొడుతుంది.

పరిశోధన వ్యాసాల లింకులైతే ఇవేవీ వద్దు. డీఓఐ నంబరు, అంటే వ్యాసానికిచ్చే శాశ్వత గుర్తింపు సంఖ్య, ఉంటే క్రాస్‌రెఫ్ ఏపీఐని అడగండి. కీ, అంటే సర్వీసు మనకిచ్చే రహస్య సంకేతం, అక్కర్లేదు, ఉచితం. మీ ఈమెయిల్ జతచేసి అడిగితే మర్యాదస్తుల వరుసలో నిలబెడతారు, ఆ వరుస పేరే పొలైట్ పూల్. వికీమీడియా వాళ్ల సైటాయిడ్ ఇంకోటి. వికీపీడియా విజువల్ ఎడిటర్‌లో లింకు అతికించగానే మూలం వివరాలు వాటంతటవే నిండేది దాని వల్లే.

ఈ దారిలో మన భాషవాళ్లకు ప్రత్యేకంగా తగిలే రాయి ఒకటుంది, చిరునామాలో తెలుగు. అక్షరాలను బైట్లుగా రాసే యూటీఎఫ్ 8 పద్ధతిలో ఒక్కో తెలుగు అక్షరానికి మూడు బైట్లు, చిరునామాలో ఒక్కో బైటుకు శాతం గుర్తుతో కలిపి మూడు గుర్తులు. 'తెలుగు' అనే మాటనే తీసుకోండి. చూపుకు మూడు అక్షరాలు. కంప్యూటర్‌కు త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము, మొత్తం ఆరు. అవి 18 బైట్లు, చిరునామాలోకి ఎక్కేసరికి 54 గుర్తులు. తెలుగు వికీపీడియా లింకును వాట్సాప్‌లో పెడితే గజం పొడవు శాతం గుర్తులు ఎందుకొస్తాయో ఇప్పుడు అర్థమైంది కదా. అలా ఇప్పటికే ఎన్‌కోడ్ అయి ఉన్న చిరునామాను సర్వీసుకు పంపేటప్పుడు ఇంకోసారి ఎన్‌కోడ్ చేయాలి. ఒకసారి తక్కువైనా, ఒకసారి ఎక్కువైనా సర్వీసు వేరే పేజీకి పోతుంది, లేదా ఏ పేజీకీ పోదు.

దానికి తోడు ఆంపర్సాండ్ (&). వ్యాసం చిరునామాలో ఆ గుర్తు ఉండి, మీరు కొటేషన్లు పెట్టకపోతే, టెర్మినల్‌లో ఆదేశాలు చదివే షెల్ అక్కడే ఆదేశం అయిపోయిందనుకుని మొదటి సగాన్ని బ్యాక్‌గ్రౌండ్‌లోకి తోసేస్తుంది. కొటేషన్లు పెట్టినా ఎన్‌కోడ్ చేయకపోతే, ఆ గుర్తు తర్వాతి భాగాన్ని సర్వీసు తన సొంత పారామీటర్ అనుకుంటుంది. కర్ల్‌లో పెద్ద 'జి', దానితోపాటు 'డేటా యూఆర్ఎల్ ఎన్‌కోడ్' వాడితే ఈ గొడవ తీరుతుంది. ఏజెంట్‌కు అది తెలుసు. కానీ తొందరలో ఉన్న ఏజెంట్ తొందరలో ఉన్న మనిషి లాంటిదే, చిరునామాను నేరుగా అతికించేస్తుంది.

మధ్యలో ఒక చిన్న స్క్రిప్ట్

నేను స్థిరపడింది ఇక్కడ. పైథానో, బ్యాషో, మీకు వచ్చిన భాషలో ఒక వంద వరుసల లోపు స్క్రిప్ట్. చిరునామా ఇస్తే ముందు తనే నేరుగా పేజీ తెచ్చి ట్యాగులు చూస్తుంది, దొరక్కపోతేనే సర్వీసును అడుగుతుంది. ఎన్‌కోడింగ్, టైమ్ అవుట్, రీడైరెక్ట్, కీ అన్నీ దాని కడుపులోనే. ఏజెంట్‌కు తెలియాల్సింది ఒక్క ఆదేశం పేరు. స్క్రిప్టును ఏజెంట్ చేతే రాయించుకోవచ్చు, నేనూ అదే చేశాను. కానీ అది బయటికి ఏం చెప్పాలో మాత్రం నేనే కూర్చుని రాశాను. దొరికినప్పుడు ఇలా:

స్థితి: దొరికింది
శీర్షిక: (పేజీలో ఉన్నది ఉన్నట్టు)
రచయిత: లేదు
తేదీ: (రోజు, నెల, సంవత్సరం, భారత కాలమానంలో)
ఎక్కడిది: ఓపెన్ గ్రాఫ్

దొరకనప్పుడు ఇలా:

స్థితి: దొరకలేదు
కారణం: సర్వర్ 403 ఇచ్చింది
చేయాల్సింది: శీర్షిక ఊహించవద్దు. ఖాళీ వదిలి, లింకు పక్కన 'చూడాలి' అని రాసి, తర్వాతిదానికి వెళ్లు.

ఈ చివరి వరుసే నాకు అన్నిటికంటే ఎక్కువ ఉపయోగపడింది. మొదట్లో చెప్పిన నియమాన్ని ఏజెంట్ మరిచిపోవచ్చు గానీ, అప్పుడే కళ్లముందు పడిన ఎర్రర్ మెసేజ్‌ను దాదాపు ఎప్పుడూ పాటిస్తుంది. 'జస్ట్ ఎ మూమెంట్' లాంటి నాలుగైదు శీర్షికలను స్క్రిప్టులోనే నిషేధించాను. అవి వస్తే దొరకనట్టే లెక్క. 'ఎక్కడిది' అనే వరుస కూడా పనికొస్తుంది. మామూలు టైటిల్ ట్యాగ్ నుంచి వస్తే శీర్షిక చివర పత్రిక పేరు అంటుకుని ఉంటుంది, ఏజెంట్ దాన్ని కత్తిరించాలి.

పరిచయం పొడవు విషయంలో మాత్రం నేనే పప్పులో కాలేశాను. 300 బైట్లకు కత్తిరించమన్నాను. తెలుగులో అది వంద కోడ్ పాయింట్లు (కంప్యూటర్ లెక్కలోని అక్షరాలు), రెండు వాక్యాలు కూడా పూర్తికావు. పైగా అక్షరం మధ్యలో తెగి చివర ప్రశ్నార్థకంతో నల్ల వజ్రం బొమ్మ వచ్చేది. బైట్లు మాని కోడ్ పాయింట్ల లెక్కన తెంపితే 'లక్ష్మి' కాస్తా 'లక్' అయి, పొల్లు గాల్లో వేలాడింది. ఇప్పుడు పొడవు దాటాక వచ్చే మొదటి ఖాళీ దగ్గర తెంపుతున్నాను.

ఇంకో లాభం, అనుమతులు. ఏజెంట్‌కు కర్ల్ వాడుకోమని మొత్తంగా అనుమతిస్తే, అది నెట్‌లో ఎక్కడికైనా వెళ్లగలదు, మీ దగ్గరున్నది ఎక్కడికైనా పంపగలదు. ప్రతిసారీ అడగమంటే నలభై లింకులకు నలభైసార్లు ఎంటర్ నొక్కుతూ కూర్చోవాలి, పదో సారికి చదవకుండానే నొక్కేస్తాం. ఈ ఒక్క స్క్రిప్టుకే అనుమతిస్తే రెండు బాధలూ ఉండవు.

రోజువారీ ఉచిత పరిమితి కూడా ఇక్కడే కాపాడుకోవచ్చు. ఒక చిన్న సర్వీసు దగ్గర నా కోటా అంతా ఒక్క పొద్దున అయిపోయింది. లింకు పలకకపోతే ఏజెంట్ పారామీటర్లు మార్చి మార్చి ఒక్కోదాన్ని ఐదారుసార్లు అడిగిందట, లాగ్ చూస్తే తేలింది. ఇప్పుడు ఒకసారి వచ్చిన జవాబును స్క్రిప్ట్ ఫైల్లో దాచుకుంటుంది, 429 (మరీ ఎక్కువసార్లు అడిగారు) వస్తే సర్వర్ చెప్పినంతసేపు ఆగుతుంది.

ఎంసీపీ ఎప్పుడు

2024 నవంబరులో ఆంత్రోపిక్ విడుదల చేసిన మోడల్ కాంటెక్స్ట్ ప్రొటోకాల్‌నే అందరూ ఎంసీపీ అంటున్నారు. సర్వీసు తన టూల్స్ పట్టికను ఒక పద్ధతిలో ప్రకటిస్తుంది, ఏజెంట్ దాన్ని చదివి నేరుగా పిలుస్తుంది. కలపడం ఒక్క ఆదేశం పని: క్లాడ్ కోడ్‌లో 'క్లాడ్ ఎంసీపీ యాడ్', కోడెక్స్‌లోనూ జెమినీ సీఎల్ఐలోనూ ముందు పేరు మారుతుంది, మిగతాది దాదాపు అంతే. మీ సర్వీసుకు ఎంసీపీ సర్వర్ ఉంటే రెండు నిమిషాల్లో అయిపోతుంది. అందరూ మొదట దీని వైపే మొగ్గడానికి ఆ రెండు నిమిషాలే కారణమని నా అనుమానం.

దీని లాభాలు నిజమైనవే. చిరునామా జేసన్‌లో వెళుతుంది కాబట్టి షెల్, ఆంపర్సాండ్, కొటేషన్ల బాధ ఉండదు. టెర్మినల్ లేని చోట, అంటే డెస్క్‌టాప్ యాప్‌లో, ఎడిటర్‌లో కూడా అదే సర్వర్ పనిచేస్తుంది. ఆఫీసులో పదిమంది ఒకే సర్వీసు వాడాలంటే ప్రాజెక్టు స్థాయిలో కాన్ఫిగ్ (అమరికల ఫైలు) పెట్టి, టీమ్ కోడ్ పంచుకునే గిట్‌లో ఉంచితే, ఎవరు ఆ ఫోల్డర్ తెరిచినా, ఒకసారి అనుమతిస్తే సర్వర్ సిద్ధంగా ఉంటుంది. మా ఇంట్లో నేనొక్కణ్నే కాబట్టి ఆ చివరి లాభం నాకు సున్నా.

ఇందులో మళ్లీ రెండు రకాలు. లోకల్‌ది మీ మెషీన్ మీదే ప్రోగ్రాంగా నడుస్తుంది, ఏజెంట్‌తో స్టాండర్డ్ ఇన్‌పుట్, అవుట్‌పుట్‌ల ద్వారా మాట్లాడుతుంది. ఆ అవుట్‌పుట్‌లో ప్రొటోకాల్ సందేశాలు తప్ప ఒక్క ముక్క కూడా ఉండకూడదు. నేను సొంతంగా రాసుకున్న సర్వర్‌లో 'మొదలైంది' అని ఒక ప్రింట్ వరుస మిగిలిపోయింది. ఏజెంట్ కనెక్షన్ విఫలం అంటుంది, ఎందుకో చెప్పదు. గంటన్నర కాన్ఫిగ్ ఫైల్ తిరగేశాక ఆ ప్రింట్ కనబడింది. లాగ్‌లన్నీ స్టాండర్డ్ ఎర్రర్‌కు పంపాలి, అంతే. ఇంకో మామూలు తప్పు, క్లాడ్ కోడ్‌లో లోకల్ సర్వర్ జోడించేటప్పుడు సర్వర్ ఆదేశానికి ముందు రెండు డ్యాష్‌లు పెట్టకపోవడం. అవి లేకపోతే సర్వర్‌కు చెందాల్సిన ఆప్షన్లను క్లాడ్ తనవి అనుకుంటుంది.

రిమోట్‌ది సర్వీసు వాళ్ల దగ్గరే ఉంటుంది, హెచ్‌టీటీపీ మీద కలుస్తుంది. ఇన్‌స్టాల్ గొడవ లేదు, లాగిన్ బ్రౌజర్‌లో జరుగుతుంది. మీరు ఎస్ఎస్‌హెచ్‌తో ఎక్కడో ఉన్న మెషీన్‌లో కూర్చున్నప్పుడు మాత్రం ఆ లాగిన్ తిరిగి లోకల్‌హోస్ట్‌కు, అంటే ఏజెంట్ నడుస్తున్న మెషీన్‌కే, రావాలి. బ్రౌజర్ మీ ల్యాప్‌టాప్‌లో, ఏజెంట్ అక్కడ. ఎదురుచూస్తూ ఉండిపోతుంది. అలాంటి చోట కీ హెడర్‌లో పంపే పద్ధతి ఉందా అని ముందే చూసుకోండి.

ఎంసీపీలో నాకు నచ్చనిది, జవాబు ఆకారం మన చేతిలో లేకపోవడం. ఎర్రర్ ఎలా చెప్పాలో సర్వర్ రాసినవాళ్లు నిర్ణయిస్తారు. కొందరు చక్కగా చెబుతారు. ఇంకొందరి సర్వర్ 403 పేజీని కూడా 'విజయవంతం' అని తెచ్చిపెడుతుంది, అంటే మళ్లీ కర్ల్ కథే. మెటాడేటా కోసం కలిపితే దానితోపాటు స్క్రీన్‌షాట్, పీడీఎఫ్, ఇంకా ఏవేవో టూల్స్ వస్తాయి. చాలా ఏజెంట్లలో వాటి వర్ణనలన్నీ సంభాషణ మొదలవకముందే చోటు ఆక్రమిస్తాయి. కొన్ని ఇప్పుడు అవసరమైనప్పుడే తెరుస్తున్నాయి, అది నయం.

కీ, భద్రత

ఏ దారైనా కీని ఆదేశంలో టైప్ చేయకండి. అది షెల్ హిస్టరీలో మిగులుతుంది, అదే మెషీన్ మీద ఉన్న మరొకరికి ప్రాసెస్‌ల జాబితాలో కనబడవచ్చు, ఏజెంట్ సంభాషణ లాగ్‌లోకి కూడా ఎక్కుతుంది. ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో, అంటే ప్రోగ్రాంలు పేరుతో చదువుకునే విలువగా, పెట్టి, స్క్రిప్ట్ అక్కడినుంచి చదువుకునేలా చేయండి. గిట్‌లో ఉంచే ఎంసీపీ కాన్ఫిగ్‌లోనూ కీ బదులు వేరియబుల్ పేరు రాయండి, క్లాడ్ కోడ్ దాన్ని నింపుకుంటుంది.

ఇక వచ్చే మెటాడేటా మనకు పరాయివాళ్ల మాట. పరిచయం ట్యాగ్‌లో ఎవరైనా ఏదైనా రాయవచ్చు, 'ఇంతకుముందు చెప్పినవి వదిలేసి ఇది చెయ్యి' అని కూడా. స్క్రిప్ట్ దాన్ని పొడవు కత్తిరించి, ఇది డేటా మాత్రమే అని గుర్తుపెట్టి ఇస్తే ప్రమాదం కొంత తగ్గుతుంది, పూర్తిగా పోదు. కాబట్టి లింకులు చదివే ఏజెంట్‌కే మెయిల్ పంపే అనుమతి కూడా ఇవ్వకండి. క్లౌడ్ మెషీన్‌లో నడిపేవాళ్లకు అదనంగా ఒక మాట. అక్కడ 'మెటాడేటా సర్వీస్' అంటే వేరే అర్థం ఉంది, 169.254.169.254 అనే లోపలి చిరునామా. మెషీన్ తాలూకు తాళంచెవులు అక్కడ దొరకవచ్చు. బయటివాళ్లు ఇచ్చిన లింకు తెరిచే స్క్రిప్ట్ ఏదైనా లోపలి చిరునామాలను ఖచ్చితంగా నిరాకరించాలి, రీడైరెక్ట్ అయి వచ్చినా సరే.

మరి మీకేది?

వారానికి ఐదారు లింకులైతే నేరుగా కర్ల్, వచ్చినదాన్ని మీరే ఒకసారి చూసుకోండి. వారం వారం ఒకే పని, ఒక్కరే చేసేదైతే నిస్సందేహంగా స్క్రిప్ట్. టీమ్ ఉండి, లేదా టెర్మినల్ బయట కూడా వాడాల్సి ఉండి, సర్వీసుకు సొంత ఎంసీపీ సర్వర్ ఉంటే అది తీసుకోండి. రెండింటి మధ్య ఊగిసలాడేవాళ్లు ముందు స్క్రిప్ట్ రాసుకోండి. రేపు ఎంసీపీ కావాలంటే దాని చుట్టూ ఒక చిన్న సర్వర్ తొడగడం ఒక సాయంత్రం పని. వేరేవాళ్ల ఎంసీపీ సర్వర్‌ను వదిలి వెనక్కి రావాల్సి వస్తే మాత్రం ఎన్‌కోడింగ్, ఎర్రర్లు అన్నీ మొదటి నుంచి నేర్చుకోవాలి.

తేల్చుకునే ముందు పది లింకులు పెట్టి పరీక్షించండి. మంచివి ఐదు చాలు. మిగతావి కావాలని చెడ్డవి తీసుకోండి: పోయిన పేజీ ఒకటి, మనిషివని నిరూపించుకోమనేది ఒకటి, చిరునామాలో తెలుగు ఉన్నది ఒకటి, యూనికోడ్‌కు ముందు సొంత ఫాంటుతో నడిచిన కాలం నాటి పేజీ ఒకటి. పదోది తెల్లవారుజామున రెండు గంటలకు ప్రచురితమైన వ్యాసం. చాలా సర్వీసులు తేదీని గ్రీనిచ్ లెక్కలోకి మార్చి ఇస్తాయి. మన 15వ తేదీ రెండు గంటలు అక్కడ 14వ తేదీ రాత్రి 8:30. నా పాత జాబితాల్లో ఒకరోజు వెనక్కి జరిగిన తేదీలు ఇంకా కొన్ని ఉన్నాయి, ఎవరూ ఫోన్ చేయలేదు కాబట్టి అలాగే వదిలేశాను.